ఖాళీ గోడ ముందు నాయనమ్మ

కరోనా రెండో ఏడు మా స్కూల్లో నాకొక పీరియడ్ దొరికింది. తొమ్మిదో తరగతికి ఫోటోగ్రఫీ. వారానికొక్కసారి, శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి, అదీ ఫోన్లోనే. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఉన్న మా స్కూలుకు అప్పటికి తాళం పడి చాలా నెలలైంది. నేను అక్కడ డ్రాయింగ్ టీచర్‌ని. డ్రాయింగ్ టీచర్ అంటే ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ క్లాసుకు తోలే మనిషి అని అర్థం. అంతకుముందు ఎనిమిదేళ్ళు అదే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళి ఆల్బములు చేశాను. పిల్లలకు ఫోటో తీయడం నేర్పాలని అప్పటినుంచీ మొహం వాచి ఉన్నాను.

రెండేళ్ళుగా అడుగుతుంటే ఇదిగో అదిగో అన్న ప్రిన్సిపాల్ సార్, ఆన్‌లైన్ క్లాసుల్లో పిల్లలు నిద్రపోతున్నారని తల్లిదండ్రులు గోల పెట్టాక ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు.

"సరేనండీ మేడం గారూ, మీ ఫోటోల క్లాసు మొదలుపెట్టండి. కనీసం మెలకువగా ఉంటారు. కానీ ఒక్క మాట. పేరెంట్స్ నుంచి కంప్లయింట్ వచ్చిందా, ఆ పీరియడ్ లెక్కల ఫౌండేషన్‌కి ఇచ్చేస్తాను. వాళ్ళు ఇప్పటికే అడుగుతున్నారు."

ఆయనది గుంటూరు వైపు. బెదిరించినా మర్యాదగానే బెదిరిస్తారు, అందుకే ఇంకా ఎక్కువ మండుతుంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ రోజు ఆయన ఏమన్నా తేనెలాగే వినపడింది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.

మాది ఎల్బీనగర్‌లో రెండో అంతస్తులో కిరాయి ఇల్లు. సిగ్నల్ సరిగా అందేది బాల్కనీలో ఒక్కటే, కాబట్టి నా క్లాస్‌రూం అదే. కింద రింగురోడ్డు మీద విజయవాడ బస్సులవాళ్ళు పిలిచే పిలుపులన్నీ నా పాఠంలో కలిసిపోయేవి. "మేడం, మీరు బస్టాండ్ల ఉన్నరా?" అని మొదటి రోజే ఒక పిల్ల అడిగింది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. క్లాసు మొదలైంది.

మొదటి పాఠం కెమెరాను తుడవడం. వాళ్ళు అంతకుముందు క్లాసు వాట్సాప్ గ్రూపులో పంపిన ఫోటోలన్నీ పొగమంచులో తీసినట్టున్నాయి. జులైలో హైదరాబాద్‌లో మంచెక్కడిది? ఆ ఫోన్లు అమ్మలవి, నాన్నలవి. పోపు పెడుతూ ఎత్తిన వేళ్ళు, స్కూటర్ చైను సరిచేసిన వేళ్ళు, అన్నీ ఆ అద్దం మీదే. "చొక్కా అంచుతో మెల్లగా తుడవండి, ఇప్పుడు మీ ముందున్న గోడను ఒకసారి చూడండి" అన్నాను. తర్వాత ఎవరిదో గొంతు వచ్చింది, "మేడం, మా ఇల్లు కొత్తగ కనపడ్తున్నది." ఆ ఒక్క మాటతో నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎనిమిదేళ్ళ స్టూడియోలో ఒక్క పెళ్ళివారూ నాకంత ఆనందం ఇవ్వలేదు.

రెండో వారం అసలు చిక్కు బయటపడింది. క్లాసు వినేదీ ఫోటో తీసేదీ ఒకటే ఫోన్. కెమెరా తెరిస్తే క్లాసులో వాళ్ళ బొమ్మ మాయమవుతుంది. సగం మందికి ఇంట్లో ఉన్నదే ఆ ఒక్క ఫోన్, తొమ్మిదింటికి నాన్నతో పాటు పనికి వెళ్ళిపోతుంది. సైదాబాద్ నుంచి ఒకమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న పెద్ద అంబర్‌పేట్ దాకా సరుకుల వ్యాను నడిపేవాడు. క్లాసు జరిగినంతసేపూ ఆయన తాళంచెవులు పట్టుకుని ఆ అమ్మాయి వెనకే నిలబడి ఉండేవాడు, నా పాఠం ఆయన కూడా వింటున్నాడేమోనని నాకు అనుమానం. ఇలా అయితే తర్వాత తీసుకుని పంపండి అంటే కుదరదు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. ఎనిమిది పదికి అందరూ వీడియో ఆపేసి పరుగెత్తాలి. ఫోటో తీసి ఎనిమిది ఇరవైకల్లా వెనక్కి వచ్చెయ్యాలి.

మొదటిసారి స్క్రీన్ మీద ముప్పై ఎనిమిది గళ్ళూ ఒకటొకటిగా నల్లబడిపోయాయి. ఆ చీకటి గళ్ళ ముందు ఒక్కదాన్నే కూర్చుని, ఇక ఎవరూ రారు, అందరూ పడుకున్నారు, సార్‌కు ఏం చెప్పుకోవాలి అనుకుంటూ గోళ్ళు కొరుక్కున్నాను. ఎనిమిది పద్దెనిమిదికి ఒక గడి వెలిగింది. ఆయాసపడుతున్న మొహం. ఇంకొకటి, ఇంకొకటి. ఒకడు మేడ మీద నుంచి దిగుతూ మెట్ల మీదే దొరికాడు. ఒకమ్మాయి జడ సగం అల్లి ఉంది. అందరూ ఒకేసారి చెప్పడమే, ఎవరి మాటా వినిపించదు. ముప్పై ఎనిమిది మందీ తిరిగొచ్చారు. ఆ రోజు నుంచి శుక్రవారం కోసం నేను గురువారం నుంచే తయారయ్యేదాన్ని.

వారం వారం ఏదో ఒకటి బయటపడేది. బ్యూటీ మోడ్ తీసేయండి, మీ తమ్ముడు సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు అని చెప్పాల్సి వచ్చింది. గులాబీల ఫ్రేములు, గుడ్ మార్నింగ్ అక్షరాలు పెట్టకండని బతిమాలాల్సి వచ్చింది. లైటు వేసుకోవడం మానేసి కిటికీ తెరవండి అని చెప్పడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. ఫోటో అనగానే మన ఇళ్ళలో ముందు కర్టెన్ వేసి ట్యూబ్‌లైట్ వేస్తారు, బయటి వెలుగు వెలుగే కాదన్నట్టు. ఆ కిటికీ వెలుగు పిల్లలకు ఒక్కసారి పట్టుబడ్డాక నాకు ఆశ పెరిగిపోయింది. ఆ ఉత్సాహంలోనే తప్పు చేశాను.

ఐదో వారం హోంవర్కు ఇలా చెప్పాను: "ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ ఫోటో తీయండి. ఒక్కరే ఉండాలి. కిటికీ పక్కన కుర్చీ వేయండి. వెనక ఖాళీ గోడ. కదలకుండా, నవ్వకుండా, సూటిగా కెమెరాను చూడాలి."

మధ్యాహ్నానికల్లా ప్రిన్సిపాల్ సార్ ఫోన్.

"ఏంటండీ మేడం గారూ ఇది? ముగ్గురు పేరెంట్స్ ఫోన్ చేశారు. ఒకాయన వాళ్ళమ్మ పొద్దున్నించీ అన్నం ముట్టలేదట. ఇలాంటి రోజుల్లో ఇలాంటి హోంవర్కు ఎలా ఇచ్చారండీ?"

"పెద్దవాళ్ళ ఫోటో తీయమంటే అన్నం మానెయ్యడమేంది సార్? అది ఫోటోగ్రఫీలో ఎవరైనా నేర్పే పాఠం."

"అవన్నీ నాకు తెలియవు. వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, అక్కడ తేల్చేద్దాం. నన్నడిగితే ఇక లెక్కలకే అండి."

పళ్ళు నూరుకున్నాను. ఫోన్‌ను గోడకేసి కొట్టేదాన్నే, నా క్లాసంతా దాన్లోనే ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఏం మనుషులు వీళ్ళు, పూట పూటా సెల్ఫీలు దిగుతారు, ఒక్క మంచి ఫోటో అంటే ఇంత రాద్ధాంతమా అని మా ఆయన మీద అరిచాను. పాపం ఆయనకు దీంతో ఏ సంబంధమూ లేదు.

ఆ సాయంత్రం సైదాబాద్ అమ్మాయి వీడియో కాల్ చేసింది. "మేడం, మా నాయనమ్మ మీతోని మాట్లాడ్తదట" అని చెప్పి ఫోన్ ఇచ్చేసింది. సగం నుదురు, ఒక కన్ను కనిపించాయి.

"ఏంది టీచరమ్మా, నన్ను గోడకెక్కియ్యాలని చూస్తున్నవా?"

"అయ్యో, అట్ల కాదు పెద్దమ్మా. కిటికీ కాడ వెలుగు మంచిగుంటదని..."

"వెలుగుది నాకెందుకు. ఒక్కదాన్నే కూసోవాల్నట, ఎనుక ఏం ఉండొద్దట, నవ్వొద్దట. గట్ల తీసిన ఫోటో తెచ్చి ఏడ పెడ్తరో నీకు ఎర్కలేదా బిడ్డా?"

ఎర్క లేకపోవడమేమిటి, ఆ ఫోటోలు ఎనిమిదేళ్ళు చేసిందాన్ని నేనే. మనిషి పోయిన మర్నాడు కొడుకులు ఆధార్ కార్డు జిరాక్సో పెళ్ళి గ్రూపు ఫోటోనో పట్టుకుని స్టూడియోకు వచ్చేవాళ్ళు. గుంపులోంచి ఆ ఒక్కరినీ కత్తిరించి, వెనక ఖాళీ నీలిరంగు వేసి, దండకు సరిపడా జాగా వదిలి, పెద్దది చేసి ఇచ్చేదాన్ని. ఒక్కరే, ఖాళీ వెనక, సూటి చూపు. ఆ ఫోటోనే ముప్పై ఎనిమిది ఇళ్ళల్లో బతికున్నవాళ్ళకు తీయమన్నాను, అదీ వీధికొక చావు విని ఇంకా తేరుకోని రోజుల్లో. నా తలకాయ ఏ సంతకు పోయిందో నాకే తెలియలేదు.

"తప్పయింది పెద్దమ్మా" అన్నాను.

"తప్పైతే ఐంది గని, ఇటు సూడు." ఫోన్ ఊగుతూ ఊగుతూ ఒక గోడ దగ్గర ఆగింది. దండ వేసిన ఫోటో. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, మీసాలాయన. "మా ఆయన. మా మరిది లగ్గంల దిగిన ఫోటోలకెళ్ళి కోసిచ్చిండు స్టూడియోల ఎవడో. భుజం మీద సూసినవా?"

చూశాను. ఆయన ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి, ఒక ఉంగరంతో సహా. పక్కన నిలబడినవాళ్ళెవరిదో.

"గా చెయ్యి ఎవలదో ఇప్పటిదాక తెల్వది. ఇరవై ఏండ్లసంది దానికి గూడ దండం పెడ్తున్న."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వొచ్చినందుకు భయపడుతుండగానే ఆమే పకపకా నవ్వింది, ఇప్పుడు మొహమంతా కనిపించింది. ఎంత మంచి మొహం. ఆ చెంపల మీద కిటికీ వెలుగు పడితే ఎలా ఉంటుందో అని చూస్తూనే ఉన్నాను, సిగ్గు లేకుండా.

"తీస్తే తియ్యమను నీ శిష్యురాలిని" అంది ఆమె. "కూసోబెట్టి తియ్యొద్దు. నా పని నేను చేసుకుంట ఉంట, అప్పుడు తియ్యమను. పనిల ఉన్న మనిషిని ఎవలు గోడకెక్కియ్యరు."

ఎనిమిదేళ్ళ స్టూడియో నాకు చెప్పని పాఠం అది. రాత్రికే గ్రూపులో క్షమాపణ రాసి, హోంవర్కు మార్చాను. పెద్దవాళ్ళ చేతిలో పని ఉండాలి. కెమెరాను చూడక్కర్లేదు. పక్కన ఏమున్నా తీసేయొద్దు.

తర్వాతి శుక్రవారం ఎనిమిది పదికి గళ్ళన్నీ నల్లబడ్డాయి. ఎనిమిది ఇరవైకి గ్రూపులో ఫోటోలు పడటం మొదలైంది. ఫోన్ టింగుటింగుమంటూ ఆగదు. కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని ఒక చెంప నిండా నురగతో గడ్డం గీసుకుంటున్న తాత. రామకోటి పుస్తకం మీదికి వంగిన అమ్మమ్మ, వేలికి సిరా. బియ్యం చేట, అందులో రాళ్ళు వెతుకుతున్న చెయ్యి. మిక్సీ విప్పి పెట్టుకుని తిరిగి బిగించడం రాక దిక్కులు చూస్తున్న ఒకాయన. సైదాబాద్ అమ్మాయి ఫోటో చివర వచ్చింది. నాయనమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఎవరినో తిడుతోంది. నోరు సగం తెరిచి ఉంది, చేతిలో కాయ విరుగుతోంది, తెరిచిన కిటికీ వెలుగు సరిగ్గా చెంప మీద ఆగింది. నేను కుర్చీలోంచి లేచి బాల్కనీలో రెండు గంతులేశాను. పిల్లలు చూస్తున్నారన్న ధ్యాసే లేదు. "మేడం డ్యాన్స్ చేస్తున్నరు" అని ఎవరో అరిచారు.

మర్నాడు శనివారం మీటింగ్, అదీ ఫోన్లోనే. తల్లిదండ్రులు, వెనక పిల్లలు, అక్కడక్కడ పెద్దవాళ్ళు. ముందు నేనే మాట్లాడాను. ఎనిమిదేళ్ళు దండ వేసే ఫోటోలు చేసి కూడా అలా అడగడం నాదే తప్పని ఒప్పుకున్నాను. తర్వాత ఫోటోలన్నీ చూపించాను. తల్లి అన్నం మానేసిందని చెప్పినాయన చాలాసేపు చూసి, "మా అమ్మ గిట్ల నవ్వుతదని నాకే తెల్వది" అన్నాడు. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. ఇంకొకాయన అందుకున్నాడు. "ఫోటోలు మంచిగున్నయి మేడం, కాదంటలేను. కని లెక్కలకు మార్కులొస్తయి, ర్యాంకులొస్తయి. వీటికేమొస్తయి?" పది తలకాయలు ఊగాయి. నాకు కోపం తన్నుకొచ్చింది గానీ కాదనడానికి లేదు, నిజంగానే మార్కులు రావు.

"అయితే మరి మనం..." అంటూ ప్రిన్సిపాల్ సార్ గొంతు సవరించుకున్నారు. పీరియడ్ పోయింది అనుకున్నాను. ఇంతలో సైదాబాద్ గడిలో నాయనమ్మ మొహం స్క్రీన్ నిండా వచ్చింది.

"సారూ, నేనొక మాట చెప్త. మొదాలు టీచరమ్మను తిట్టిన దాన్ని నేనే. ఇప్పుడు నాకు గా ఖాళీ గోడ ఫోటో కావాలె."

"అమ్మా, అదే వద్దని కదండీ అందరూ గొడవ చేసింది."

"వద్దన్న. ఇప్పుడు కావాలంటున్న. నేను పోయినంక ఏ ఫోటో పెట్టాల్నో నన్నెవలన్న అడుగుతరా? ఇప్పుడే తియ్యాలె, నేను కండ్లతోని సూడాలె, బాగుందని నా నోటితోని అనాలె. అప్పుడు పని అయినట్టు. పిల్లకు నేర్పకుంట నడుమల ఇడిసిపెడ్తే ఎట్ల?"

ప్రిన్సిపాల్ సార్ అలవాటు ప్రకారం మధ్యేమార్గం కనిపెట్టారు.

"సరేనమ్మా, అలాగే కానివ్వండి. మీ ఫోటో అయ్యేదాకా ఫోటోగ్రఫీ పీరియడ్ ఉంటుంది. మీరు బాగుందన్న మర్నాటి నుంచి లెక్కలు. అందరికీ ఓకేనా అండీ?"

ఒక ఫోటోకు ఎంతసేపు పడుతుంది, వారమో రెండు వారాలో. అందరూ ఓకే అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఉన్న రెండు వారాల్లో ఎంత నేర్పగలనో అంతా నేర్పేయాలని, తిండి మీద కూడా ధ్యాస లేకుండా పాఠాలు రాసుకున్నాను.

మొదటి ఫోటో వచ్చింది. నాకు నచ్చింది. నాయనమ్మ చూసి పెదవి విరిచింది, జుట్టు పిచ్చుకగూడు లెక్క ఉందని. రెండో వారం ఒక కన్ను చిన్నగుందట. మూడో వారం, "మా ఆయన పక్కన పెడ్తే నేను ఆయనకు తల్లి లెక్క కనపడ్తున్న" అంది. ఆ అమ్మాయి పంతం పట్టింది. కిటికీకి తెల్ల పంచె కట్టి వెలుగును మెత్తబరిచింది. నీడ పడిన చెంప వైపు స్టీలు పళ్ళెం పట్టుకోమని తమ్ముణ్ణి నిలబెట్టింది. కుర్చీని జానెడు జరిపితే ముక్కు నీడ ఎటు పోతుందో కాగితం మీద గీసి నాకు పంపింది. అది చూసి మిగతా పిల్లలూ మొదలుపెట్టారు. మరో ఆరుగురు తాతలు, అమ్మమ్మలు మాకూ కావాలన్నారు. వ్యాను నాన్న కూడా ఒకరోజు వెనక నుంచి, "మేడం, పంచె రెండు మడతలు పెడ్తే ఇంక మంచిగొస్తదా?" అని అడిగాడు. అంటే ఆయన నా పాఠం నిజంగానే వింటున్నాడన్నమాట.

స్కూలు తెరిచారు, దసరా పోయింది, దీపావళి పోయింది. ఫోటోలు తీయాల్సింది ఇంట్లోనే కాబట్టి ఎనిమిదింటి పీరియడ్ మాత్రం ఫోన్లోనే సాగింది. ప్రతి శుక్రవారం కొత్త ఫోటో. ప్రతి శుక్రవారం నాయనమ్మ, "బాగలేదు, మళ్ళ వారం తియ్యి." ప్రిన్సిపాల్ సార్ నెలకోసారి, "ఇంకా కాలేదాండీ?" అని అడగడం, నేను కాలేదు సార్ అనడం.

ఒక శుక్రవారం క్లాసయ్యాక కూడా ఆ అమ్మాయి ఫోన్ పెట్టెయ్యలేదు. "నాకు రాదేమో మేడం" అంది. ఆ వారం ఫోటో నేను స్టూడియోలో చూసిన ఏ ఫోటోకూ తీసిపోదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాయనమ్మకు ఫోన్ ఇయ్యి అన్నాను.

"ఏం పెద్దమ్మా, పిల్ల ఇన్ని వారాలసంది తిప్పలు పడ్తుంటే నీకు జర గూడ కనికరం లేదా? ఈ ఫోటోల ఏం తక్కువైందో నాకు చెప్పు."

అవతల తలుపు వేసిన చప్పుడు. ఆమె గొంతు బాగా తగ్గించింది.

"మెల్లగ మాట్లాడు. ఏం తక్కువ కాలేదు. మొదటి వారందే మస్తుండె. నా కొడుకుతోని ప్రింటు తీపిచ్చి చీరెల నడుమ దాసుకున్న."

"మరి బాగలేదని ఎందుకంటున్నవ్?"

"బాగుందంటె నీ పీరియడ్ గుంజుకుంటరు గద బిడ్డా."

కళ్ళు తుడుచుకునే లోపే మళ్ళీ తలుపు తెరిచిన చప్పుడు, ఆ వెంటనే పిల్లకు వినపడేలా గట్టిగా ఆమె మాట వచ్చింది: "నువ్వేమన్న అను టీచరమ్మా, ముక్కు వంకరొచ్చింది. మళ్ళ వారం తియ్యాలె."

ఫోన్ పెట్టేశాక ప్రిన్సిపాల్ సార్‌కు మెసేజ్ పంపాను, హోంవర్కు ఇంకా పూర్తి కాలేదని.